ఒకే వస్తువును నమ్ముకొన్న అంగళ్లు

తినుబండారముల వీథులు చూడవలెనని వేడుకపడువారు హైదరాబాదునకో చెన్నపట్టణమునకో పోవుదురు గాని, ఒకప్పుడు గోలకొండ సుల్తానుల రాజ్యమునకు సముద్రద్వారమై, 1605లో డచ్చివారిని, 1611లో ఆంగ్లేయులను, అటుపిమ్మట ఫ్రెంచివారిని తన తీరమునకు రప్పించుకొని, పారసీక వర్తకులకు నెలవై, పెగూ, సుమత్రా, మోఖా రేవులతో బేరసారములు నెరపిన మచిలీపట్టణము అట్టి వీథులను నేటికిని కాపాడుకొనుచున్నదన్న సంగతి వారి తలపునకు రాదు. పదునేడవ శతాబ్దమున కోరమండల తీరమున మహానగరమని పిలువదగిన పట్టణములలో ఇది యొకటి. వజ్రముల బేరమునకు గోలకొండ పోవు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఓడ దిగినది ఇచ్చటనే.

ఆ విదేశీయులు నేడు ఇంగ్లీషుపాలెము, పరాసుపేట, వలందపాలెము అను పేటల పేర్లలో మాత్రమే మిగిలిరి. రేవు పూడినది; 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది; వర్తకము మొదట చెన్నపట్టణమునకును, పిదప కాకినాడ, విశాఖపట్టణములకును తరలిపోయినది. అయినను ఓడలతో పాటు చేతిపని ఎరిగిన కుటుంబములు తరలిపోలేదు. పెడనలో కలంకారీ అద్దకమును, చిలకలపూడిలో గిల్టునగల పనియు నిలిచినట్లే, బందరని కూడ పిలువబడు ఈ మచిలీపట్టణపు బజారులో మిఠాయిపని నిలిచినది. కోనేరు సెంటరు చుట్టుపట్లగల వీథులలో నడచువానికి పాకము కాగు వాసన దారి చూపును.

అన్ని సరకులు అమ్ము కొట్టు వేరు, ఒక్క సరకుతో పేరుపడిన కొట్టు వేరు. మొదటిదానికి పెట్టుబడియు స్థలమును ఉన్న చాలును. రెండవదానికి ఆ యొక్క సరకును తరతరములుగా చెడనీయక చేయు మనుష్యులు కావలెను. ఒకనాడు పాకము ముదిరినను, ఒక పండుగకు నెయ్యి తక్కువపడినను, ఆ దోషమును కప్పిపుచ్చుకొనుటకు వేరొక సరకు ఆ అంగడిలో లేదు. ఇట్టి అంగళ్ల యెడల నాకు గల గౌరవమునకు ఇదియే కారణము. వాని రుచి యంతయు కొనువాని కంటికి కనబడని శ్రమలో ఉన్నదనియు, ఆ శ్రమ ఏదియో తెలిసికొని కొనువారు ఉన్నంతవరకే అవి నిలుచుననియు నా నమ్మకము. కావున ఎచ్చట ఏమి దొరకునో చెప్పి ఊరుకొనక, అది ఎట్లు తయారగునో కొంత విపులముగనే చెప్పెదను.

బందరు లడ్డును ఎన్నడును చూడనివారు తిరుపతి లడ్డు వంటిదే యని తలతురు. తిరుపతి లడ్డు బూందీతో కట్టినది; అందు ముత్యముల వంటి బూందీ గింజలు విడివిడిగా పంటికి తగులును. బందరు లడ్డులో బూందీ లేదు, పూస లేదు, పలుకు లేదు. నోటిలో వేసికొన్న క్షణముననే కరగి, యాలకుల పరిమళమును, నేతి కమ్మదనమును, బెల్లపు తీపిని ఒకటిగా విడిచిపెట్టును. తొక్కుడు లడ్డు అనుట అచ్చటి వాడుక. తొక్కుట యనగా ఇచ్చట రోకటితో దంచుటయే, ఆ దంచుటయే దీని ప్రాణము.

శనగపిండిని నీటితో ముద్దగా కలిపి, గొట్టముతో పూసగా నొత్తి, మూకుడులో వేయించుట తొలి మెట్టు. ఆ పూస ఎఱ్ఱబారకూడదు. ఎఱ్ఱబారిన యెడల చేదు పుట్టును, పచ్చిగా ఉండిన యెడల పిండివాసన పోదు. చల్లారిన పూసను రోటిలో పోసి దంచి, జల్లెడపట్టి, జల్లెడలో మిగిలిన పలుకులను మరల దంచుదురు. వేరొక ప్రక్క బెల్లమును కరగించి, వడగట్టి, పాకము పట్టుదురు. పాకములో ఆ పొడిని కలిపినంతనే పని ముగిసినదని మన మనుకొందుము గాని, అసలైన పని అప్పుడే మొదలగును. ఆ మిశ్రమమును మరల రోటికెక్కించి, నడుమ నడుమ నెయ్యి పోయుచు, ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి పోటునకు ఒకరు అడ్డురాకుండ రోకళ్లు వేయుచు, పిండియు పాకమును నెయ్యియు వేరుపరుపరాని స్థితికి వచ్చువరకు దంచుదురు. పిమ్మట యాలకుల పొడి, జీడిపప్పు చేర్చి, వెచ్చదనము ఉండగనే ఉండలు కట్టుదురు.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. పాకము చల్లారునపుడు తీపి గడ్డకట్టి పలుకులుగా పేరుకొనుట సహజము. పలుకు పెద్దదైన కొలదియు నాలుకకు ఇసుక తగిలినట్లుండును. చల్లారుచున్నంతసేపు ఎడతెగక దంచుటచే ఆ పలుకులు పెరుగుటకు అవకాశముండక, కంటికి కనబడనంత సన్నములై, ఒక్కొక్క పిండి రేణువును అంటుకొని నిలుచును. వానిమీద నెయ్యి పొరగా కప్పుకొనును. చెమ్మ లోనికి చేరుటకు దారి తగ్గుటచే లడ్డు బహుదినములు చెడక నిలువయుండును. దూరప్రయాణములకు, పెండ్లి సారెలకు ఇది పేరుపొందుటకు ఈ నిలువగుణమే ముఖ్యకారణమని నాకు తోచుచున్నది. మిక్సీలలోను మరలలోను పొడి సన్నముగనే వచ్చును గాని, మర వేడికి నెయ్యి విడివడి, ఉండ జిడ్డుపట్టుటయు కలదు. హల్వాకై గోధుమ రుబ్బుటకు మరను పెట్టుకొన్నచో నా కభ్యంతరము లేదు. ఈ లడ్డునకు మాత్రము రోకలిపోటే తగినదని నా అభిప్రాయము.

ఈ విద్య బందరునకు ఉత్తరదేశము నుండి వచ్చినది. బుందేలుఖండ ప్రాంతము నుండి సైనికవృత్తితో దక్షిణమునకు వచ్చి స్థిరపడిన రాజపుత్ర సంతతివారిని మన దేశమున బొందిలీలు అందురు. వారి కుటుంబములే ఇచ్చట మిఠాయిపనికి మూలమని ఆ వృత్తివారి వాడుక. కత్తి పట్టిన చేయి తెడ్డు పట్టుట వింత కాదు. పాండ్యదేశమున తిరునల్వేలి హల్వాకు ప్రసిద్ధి తెచ్చినవారును రాజస్థానము నుండి వచ్చిన సింగు కుటుంబములవారే. బందరునకు వచ్చిన తీపిపనివారు ఉత్తరమున పుట్టిన తమ పద్ధతిని తెచ్చి, ఇచ్చటి బెల్లముతోను ఇచ్చటి గేదెనేతితోను కలిపిరి. ఆ కలయికలోనుండి ఉత్తరమునగాని, తెలుగుదేశమున వేరొకచోటగాని లేని రుచి పుట్టినది.

2017లో బందరు లడ్డునకు భౌగోళిక గుర్తింపు లభించినది. స్థానిక మిఠాయి తయారీదారులు సంఘముగా ఏర్పడి దానికై ప్రయత్నించుట ప్రశంసనీయము. 1999లో చేయబడి 2003 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ననుసరించి చెన్నైలోని కార్యాలయమువారు ఈ గుర్తింపు నిత్తురు. 2009లో తిరుపతి లడ్డునకు దక్కినదియు ఇదియే. దీనివలన ఆ ప్రాంతమున, ఆ పద్ధతిలో చేయని సరకునకు ఆ పేరు పెట్టుకొను హక్కు ఇతరులకుండదు. పదియేండ్ల కొకమారు దీనిని పునరుద్ధరించుకొనవలెను. అయినను చట్టము పేరును కాపాడగలదే గాని రోకలి పట్టుకొనలేదు. హైదరాబాదులోను బెంగుళూరులోను బందరు లడ్డు అను పేరుతో అట్టపెట్టెలలో అమ్మునది యంతయు బందరులో దంచినది కాదు. అమెరికాలోని మనవారికి కొరియరులో చేరునదియు అన్నివేళల అదియే యని చెప్పలేము.

మంచిదానిని గుర్తించుటకు పెద్ద విద్య అక్కరలేదు. ఉండను వేళ్ల నడుమ మెల్లగా నొక్కినచో పగుళ్లు పెద్దవిగా విచ్చి పెళ్లలుగా రాలక, మెత్తగా అణగవలెను. వ్రేళ్లకు నేతి తడి తగులవలెను గాని, పెట్టె అడుగున నెయ్యి మడుగుకట్టరాదు. నాలుకమీద పెట్టుకొని నమలక ఒక క్షణము ఊరకుండవలెను. పలుకు తగిలినచో దంచుట చాలలేదన్నమాట. బెల్లముతో చేసినదా, పంచదారతో చేసినదా యని అంగడివానిని అడుగుడు. రెండును చేయుదురు, రెండింటిని కోరువారును కలరు. నేను బెల్లపు పక్షము. బెల్లములోని సన్నని ఉప్పదనము శనగపిండి కమ్మదనమును పైకి తెచ్చును. పంచదార తీపిని మాత్రమే ఇచ్చును.

లడ్డునకు సహోదరి హల్వా. బందరు హల్వా నల్లనిది, నిగనిగలాడునది, కత్తితో కోసినచో ముక్క వంగి మరల నిలుచునది. గోధుమలను నానవేసి, రుబ్బి, బట్టలో వేసి పిండి, పాలు తీయుదురు. ఆ పాలను కదలింపక ఉంచినచో చిక్కనిది అడుగునకు దిగును, పైని తేటను వంచివేయుదురు. ఆ చిక్కని పాలను బెల్లపు పాకములో పోసి, పెద్ద బాండీలో కట్టెల పొయ్యి మీదనో గ్యాసు పొయ్యి మీదనో గంటల తరబడి కలియబెట్టుదురు. మొదట ఎంత నెయ్యి పోసినను అది త్రాగివేయును. అనుభవము లేనివాడు భయపడి మరికొంత పోయును. గోధుమపాలు పూర్తిగా ఉడికి, నీరు ఇగిరి, ముద్ద బాండీని వదలి తెడ్డుతో పాటు తిరుగుటకు మొదలిడినపుడు, త్రాగిన నెయ్యిని తానే వెలికి విడుచును. ఆ వేళను కనిపెట్టుటయే హల్వాపనివాని ప్రజ్ఞ. ఒక క్షణము ముందు దింపినచో అంటుకొనును, ఒక క్షణము ఆలస్యమైనచో సాగుడు ముదిరి తోలగును. నలుపు రంగు కలిపినది కాదు. బెల్లమును దీర్ఘమైన మంటయు కలిసి తెచ్చినది.

ఈ తీపి యంతటికిని వెనుక డెల్టా భూమి యున్నది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట బందరు కాలువ వెంట నీరును పడవలును కూడ సాగినవి. ఉయ్యూరు ప్రాంతమున చెరకు విస్తరించి, 1941లో ఏర్పడిన కె.సి.పి. సంస్థ చక్కెర మిల్లు అచ్చట నెలకొన్నది. మిఠాయికొట్టువారు బెల్లము నేయూరిదైనను రంగు చూచి కొనరు. ముక్క కొరికి, ఉప్పు తగులునో పులుపు తగులునో చూచి కొందురు. తెల్లగా మెరయు బెల్లమును చూచి మురియు గృహిణులు ఈ వాడుకను గమనించుట మంచిది. మందు వేసి తెలుపు చేసిన బెల్లము పాకమునకు రాదని వారి అనుభవము.

వేసవిలో బందరు వెళ్లినవారు మిఠాయికి ముందు దాహము తీర్చుకొనవలెను గదా! గోలీసోడా బండ్లు తగ్గినవి గాని పోలేదు. హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1870ల నాడు కనిపెట్టిన ఆ సీసా ఇంగ్లండున ఏనాడో మాయమై, జపానులో రామునే అను పానీయమునకును, మన యూళ్లలో సోడాకును మిగిలినది. వాయువు ఒత్తిడియే గోలీని మెడలోని రబ్బరు చుట్టకు అదిమి పట్టును; మూత లేదు, బిరడా లేదు. బొటనవ్రేలితో గోలీని లోనికి త్రోసిన యెడల వాయువు కేకపెట్టి వెడలును. సీసా మెడలోని రెండు నొక్కులు గోలీని ఒక ప్రక్కన పట్టియుంచును గాన, ఆ ప్రక్క క్రిందికి తిప్పి త్రాగవలెను. లేనిచో గోలీ అడ్డుపడును. నిమ్మరసము, ఉప్పు కలిపిన సోడా ఉక్కపోతకు మంచిది. సుగంధిపాల వేరుతో కాచిన షరబతు దొరకినచో దానినే కోరుడు; ఆ వేరు మట్టివాసనయు తీపివాసనయు కలిసిన పరిమళము సీసాలలో అమ్ము ఎసెన్సులకు రాదు.

ఇక బందరు విడిచి గుడివాడకు పోయినవారు అచ్చట తీపి కొరకు వెదకవలదు, బియ్యపు కొట్లు చూడవలెను. బందరు, భీమవరము రైలుమార్గములు చీలు ఆ జంక్షను చుట్టును బియ్యపు మిల్లులు వెలసి, బియ్యము తెలిసిన అంగళ్లు పుట్టినవి. మనవారికి బియ్యమనగా నేడు ఒకటే పేరు, సాంబమసూరి. బాపట్ల పరిశోధనలో పుట్టి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 రకమది. అయితే అంగడివాడు మొదట అడుగునది రకము కాదు, పాతదా కొత్తదా యని. ఏడాది నిలువయున్న బియ్యము ఎక్కువ నీరు పీల్చి, పొడవుగా ఉబ్బి, మెతుకు మెతుకునకు అంటుకొనక ఉడుకును, కొత్తబియ్యము ముద్దకట్టును. ముద్దకట్టుట దోషమని తలపరాదు. సంక్రాంతి పరమాన్నమునకు కొత్తబియ్యమే కావలెను, పులిహోరకు పాతబియ్యమే కావలెను. ఏమి వండెదవని అడిగి తూచి యిచ్చు వర్తకుడు దొరకినచో, అతనిని విడువక ఏడాది బియ్యము అతనియొద్దనే కొనుడు.

అవనిగడ్డ దారి పట్టి పులిగడ్డ దాటినవారికి దివిసీమ ఎదురగును. కృష్ణ ఇచ్చట చీలి, రెండు పాయల నడుమ ఒక ద్వీపమును వదలి, హంసలదీవి వద్ద సముద్రమున కలియుచున్నది. ఈ నేలలో వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న వరిలోనే మినుములు చల్లుదురు. వరి కోసిన పిమ్మట మరల నీరు పెట్టరు. నల్లరేగడిలో మిగిలిన పదనుతోను, పుష్యమాసపు మంచుతోను ఆ మినుము పెరిగి పండును. ఆ మినుములు పొట్టుతోనే దోరగా వేయించి, విసరి, బెల్లమును నెయ్యియు చేర్చి కట్టు సున్నుండలు నాకు బందరు లడ్డు కంటెను ప్రియమైనవి. ఇండ్లలో చేసి అమ్మువారును కలరు. పొట్టు తీసిన చాయపప్పుతో చేసిన సున్నుండ తెల్లగా చూచుటకు బాగుండును గాని, వేగిన పొట్టు ఇచ్చు కమ్మదనము అందులేదు.

మరి ఈ సీమలోనే నాగాయలంక, కోడూరు ప్రాంతములలోని అంగళ్లు వేరొక లోకము. తీపి తినుటకు వచ్చిన పట్టణవాసులు ముక్కు మూసికొని వెనుదిరుగుచుందురు. అది వారికే నష్టము. నెత్తళ్లు, సావళ్లు, ఎండురొయ్యలు, రొయ్యపొట్టు రాసులుగా పోసి అమ్ముదురు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ తీరమున వేలకొలది ప్రాణములు తీసికొన్నది. మిగిలినవారు మరల అదే సముద్రమునకు వల వేసిరి, అదే యెండలో చేపలు ఆరవేసిరి. ఈ యంగడి వెనుక ఆ ధైర్యమున్నదని నే నెన్నడును మరువను. ఎండుచేప కొనునపుడు మొదట వాసన చూడవలెను: సముద్రపు ఉప్పువాసన మంచిది, నూనె ముక్కిన కారువాసన చెడ్డది. విరిచినచో ఫెళ్లున విరుగవలెను. మెత్తగా వంగినచో లోన తేమ యున్నది, పురుగు పట్టును. ఇసుకమీద ఆరిన సరకు కంటె వలలమీదను పందిళ్లమీదను ఆరినది శుభ్రమైనది గాన, ఎచ్చట ఆరవేసిరో అడుగుటకు సంకోచింపరాదు. ఎండురొయ్యలు గోంగూరతోను సొరకాయతోను, నెత్తళ్లు వంకాయతోను పుల్లని మామిడికాయతోను కలిసినపుడు ఎట్లుండునో కృష్ణాజిల్లా వంటింట పెరిగినవారికి చెప్పనక్కరలేదు; తెలియనివారు మొదట రొయ్యపొట్టు పొడితో మొదలిడవచ్చును.

పచ్చిసరకులో మండపీత ఈ సీమకు రత్నము. సముద్రపు పోటునీరు చొచ్చు పాయలలో, మడచెట్ల వేళ్ల నడుమ బొరియలు చేసికొని అది బ్రతుకును. ప్రాణముతోనే త్రాటితో కాళ్లు కట్టి అమ్ముదురు. మేలైనవి చెన్నై మీదుగా సింగపూరు మొదలగు దేశములకు విమానములెక్కును. చేతిలో పెట్టుకొని తూచుడు: కనబడినదానికంటె బరువుగా ఉండవలెను. పొట్ట పెంకును నొక్కినచో లోనికి పోవు పీత క్రొత్తగా పెంకు మార్చినది, అందు మాంసము తక్కువ, నీరెక్కువ. పొట్ట క్రింది రేకు వెడల్పైనది ఆడుపీత, సన్ననిది మగపీత.

ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము గాన, ఆ దినములలో బందరు చెంతనున్న గిలకలదిండి రేవునకు పోయి పచ్చి సముద్రపు చేప కొరకు ఆశపడవలదు. ఎండుచేపల అంగళ్లు ఆ కాలముననే కళకళలాడును. కొనితెచ్చిన ఎండుచేపను ఇంటికి చేరిన మరునాడే ఒక పూట యెండలో వేసి, చల్లారిన పిమ్మట గాజుసీసాలో పోసి, మూత బిగించి ఉంచుడు. వండుటకు ముందు తలలు తీసి, పొడిమూకుడులో వేయించి, గోరువెచ్చని నీటితో రెండుమార్లు కడిగినచో ఇసుకయు అధికమైన ఉప్పును పోవును.